పతకాల లెక్క పక్కన పెడితే, తమ ఆటనే మార్చేసిన ఆటగాళ్లు ఎవరు?

లేన్ నాలుగు:

అందరికీ నమస్తే. వారం రోజులుగా నాకూ మా తమ్ముడికీ ఒకటే వాదన, ఎంతకీ తెగడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. తన ఆట మీద అందరికంటే ఎక్కువ ప్రభావం చూపిన క్రీడాకారుడు ఎవరు? వాడు ఠక్కున బోల్ట్ అన్నాడు, ఫెల్ప్స్ అన్నాడు. ఒకరిది వంద మీటర్ల పరుగులో 9.58 సెకన్లు, ఇంకొకరివి ఈతలో 23 ఒలింపిక్ స్వర్ణాలు, ఇంతకంటే ఏం కావాలి అంటాడు. వాళ్ల గొప్పతనం నేనూ కాదనను. కానీ గొప్పగా ఆడినవాళ్లు వేరు, ఆటని మార్చినవాళ్లు వేరు అంటాను నేను. బోల్ట్ 2009లో బెర్లిన్‌లో ఆ రికార్డు పెట్టాడు కదా, ఆయన్ని చూసి మిగతా స్ప్రింటర్లు తమ పరుగు తీరు ఏమైనా మార్చుకున్నారా? అంత పొడుగు మనిషికి పడే అడుగులు ఇంకొకరికి పడవు. ఆయన రిటైరయ్యాక కూడా వంద మీటర్ల పరుగు ఆయన రాకముందు ఎలా ఉందో అలాగే ఉంది.

నేను చెప్పిన పేరు డిక్ ఫాస్బరీ. 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్, హైజంప్‌లో 2.24 మీటర్లు, స్వర్ణం. అంతే, ఒక్క ఒలింపిక్స్, ఒక్క పతకం. ప్రపంచ రికార్డు ఒక్క రోజు కూడా ఆయన పేరు మీద లేదు. 1972లో అమెరికా ఒలింపిక్ జట్టులో చోటు కూడా దక్కలేదు. అయినా ఇవాళ ఏ దేశంలో హైజంప్ పోటీ పెట్టినా అందరూ ఆయన దూకినట్టే, వీపు బార్ వైపు తిప్పి, తల ముందుగా వెళ్లేలా వెల్లకిలా దూకుతున్నారు. అంతకుముందు బార్ మీదుగా బోర్లా దొర్లేవాళ్లు. ఆయన పేరు వినని పిల్లలు కూడా ఆయన పద్ధతిలోనే దూకుతున్నారు.

నేను చూసేది ఒక్కటే. ఆ మనిషి రాకముందు తీసిన ఫోటో, వచ్చిన ఇరవై ఏళ్లకి తీసిన ఫోటో పక్కపక్కన పెడితే తేడా తెలియాలి. మీ దృష్టిలో అలాంటివాళ్లు ఎవరు? పేరు ఒక్కటే రాసి వెళ్లిపోకండి, ఏం మారిందో, ఎలా మారిందో కూడా చెప్పండి.

స్పైక్ బూట్లు:

ఫాస్బరీ పేరు చూశాక రాయకుండా ఉండలేకపోయాను. నేను కుర్రతనంలో ఎనిమిదేళ్లు హైజంప్ చేశాను, చెప్పుకోదగ్గ స్థాయికి వెళ్లలేదు గానీ ఆ దూకుడు మాత్రం ఒంటికి పట్టేసింది, ఇప్పటికీ టీవీలో ఎవరైనా రనప్ మొదలుపెడితే నా కాలు కదులుతుంది.

బయటి నుంచి చూస్తే వెనక్కి పడటంలా ఉంటుంది గానీ అసలు పని రనప్‌లోనే ఉంది. మొదట తిన్నగా పరిగెత్తి, చివరి నాలుగైదు అడుగులు వంపు తిరగాలి. ఆ వంపులో ఒళ్లు బార్‌కి దూరంగా, పక్కకి వాలి ఉంటుంది. బార్‌కి దూరంగా ఉన్న కాలు నేలకేసి కొట్టి, రెండో మోకాలు పైకి లేపగానే ఆ వాలు నిటారవుతూ మనిషిని పైకి విసురుతుంది, అదే ఊపులో భుజాలు తిరిగి వీపు బార్ వైపు వస్తుంది. ఇక అక్కడి నుంచి బార్ కనపడదు. పైన కప్పో ఆకాశమో కనిపిస్తుంది, అంతే. తల దాటింది, భుజాలు దాటాయి, అప్పుడు నడుము పైకెత్తి విల్లులా వంచాలి. నడుము దాటిందని ఒంటికి తెలిసిన క్షణంలో గడ్డం ఛాతీకి ఆనించి కాళ్లు పైకి తన్నాలి. అది కాస్త ఆలస్యమైతే మడమ తగులుతుంది. పరుపు మీద పడుకుని, పైన బార్ టకటకా ఊగుతుంటే పడుతుందా ఆగుతుందా అని ఊపిరి బిగబట్టి చూసిన క్షణాలు నాకు ఎన్నో ఉన్నాయి. ఇలా వంగి ఒక్కో భాగం విడివిడిగా దాటడం వల్ల ఒంటి గరిమనాభి, అంటే ఒంటి బరువుకి మధ్య బిందువు, బార్ కిందుగా వెళ్తుండగానే మనిషి బార్ మీదుగా వెళ్లిపోవచ్చు. ఫాస్బరీ కనిపెట్టిన దాంట్లో అసలు లాభం అదే.

కానీ మీరు అడిగారు కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. ఇందులో సగం పుణ్యం పరుపుది. అంతకుముందు దూకి పడేది ఇసుకలో, రంపపు పొట్టులో. అందులో మెడ మీదుగా పడితే ప్రాణానికే ముప్పు, కాబట్టి కాళ్ల మీదో చేతుల మీదో పడే పద్ధతులే బతికాయి. 1960ల్లో ఫోమ్ పరుపులు రావడం మొదలయ్యాకే వెల్లకిలా పడటం సాధ్యమైంది. అదే సమయంలో కెనడాలో డెబ్బీ బ్రిల్ అనే అమ్మాయి ఫాస్బరీతో ఏ సంబంధం లేకుండా దాదాపు అదే పద్ధతి తనంతట తను పట్టుకుంది. అంటే ఫాస్బరీ లేకపోయినా ఇంకొన్నాళ్లకి ఇది వచ్చి ఉండేదే.

మరి ఆయన గొప్ప ఏమిటంటే, ప్రపంచం అంతా చూస్తుండగా గెలిచి చూపించాడు. అది లేకపోతే ఏ కోచ్ ఒప్పుకుంటాడు చెప్పండి? అయినా పాత పద్ధతి ఒక్క రోజులో పోలేదు, ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. 1972లో పురుషుల స్వర్ణం గెలిచిన యూరి తర్మాక్‌ది బోర్లా దొర్లే పాత పద్ధతే, దాన్ని స్ట్రాడిల్ అంటారు. 1977లో మహిళల్లో మొదటిసారి రెండు మీటర్లు దాటిన రోజ్‌మేరీ ఆకర్‌మాన్‌దీ అదే. 1978లో సోవియట్ ఆటగాడు యాష్‌చెంకో 2.34 మీటర్లు దూకింది కూడా అలాగే. పది పన్నెండేళ్లు రెండూ పక్కపక్కనే నడిచాయి. కానీ 1972 మ్యూనిచ్‌లోనే 16 ఏళ్ల ఉల్రికే మేఫార్త్ కొత్త పద్ధతిలో దూకి ప్రపంచ రికార్డుని సమం చేసి స్వర్ణం పట్టుకుపోయింది. స్ట్రాడిల్ ఒంటపట్టాలంటే ఏళ్లు పడుతుంది, ఇది పిల్లలకి త్వరగా వచ్చేస్తుంది. అందుకే కింద నుంచి వచ్చే పిల్లలంతా ఇదే ఎంచుకున్నారు, పాతవాళ్లు రిటైరవుతూ పోయారు.

ఫ్రీ త్రో:

ఫోటో పక్కన ఫోటో అన్నారు కదా, అయితే బాస్కెట్‌బాల్‌లో అందరూ స్టెఫెన్ కర్రీ అంటారు, అది నిజమే. 2015-16 సీజన్లో 402 త్రీ పాయింటర్లు, అంటే దూరపు గీత బయట నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, వేశాడు, అంతకుముందు రికార్డు 286, అదీ ఆయనదే. ఒకప్పుడు అంత దూరం నుంచి షాట్ వేస్తే కోచ్ బెంచి మీద కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు రింగు దగ్గర ఆడే ఏడడుగుల సెంటర్లు కూడా గీత బయట నిలబడి వేస్తున్నారు. చిన్నపిల్లలు బంతి మోయడానికే ఆపసోపాలు పడుతూ సగం కోర్టు నుంచి విసురుతున్నారు.

కానీ నేను చెప్పే పేరు జార్జ్ మైకన్. 1940లు, 50ల నాటి మనిషి, ఎత్తు 208 సెంటీమీటర్లు. ఈయన ఒక్కడి వల్ల ఎన్ని మారాయో చూడండి. కాలేజీలో ఆడేటప్పుడు రింగులోకి దిగుతున్న బంతిని చేత్తో తోసేసేవాడు, ఆయనా, బాబ్ కర్లండ్ అనే ఇంకో పొడగరీ కలిసి అదే పని చేస్తుంటే 1944లో కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అది నిషేధించారు. ప్రొఫెషనల్‌గా వచ్చాక రింగు కిందే పాతుకుపోయి వేస్తున్నాడని 1951లో ఆ కింద పెయింట్ వేసిన లేన్ వెడల్పు 6 అడుగుల నుంచి 12 అడుగులకి పెంచారు. 1950 నవంబర్ 22న ఫోర్ట్ వేన్ పిస్టన్స్ జట్టు మైకన్ చేతికి బంతి అందకూడదని మ్యాచ్ అంతా బంతిని తమ దగ్గరే పట్టుకుని కూర్చుంది. స్కోరు 19-18. మైకన్ జట్టు మిన్నియాపోలిస్ లేకర్స్ ఓడిపోయింది, ఆ 18లో 15 మైకనే వేశాడు. ఇలా ఆడితే టికెట్ కొని ఎవరు వస్తారు? అలాంటి మ్యాచ్‌ల వల్లే 1954లో 24 సెకన్ల గడియారం వచ్చింది, బంతి చేతికొచ్చిన 24 సెకన్లలోపు షాట్ వేసి తీరాలి. ఇవాళ్టి ఆట వేగం అంతా ఆ గడియారం మీదే నిలబడి ఉంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది. 1967లో అమెరికా ప్రధాన లీగ్ ఎన్‌బీఏకి పోటీగా ఏబీఏ అనే లీగ్ పుట్టినప్పుడు దాని మొదటి కమిషనర్ ఈ మైకనే. ఆ లీగ్‌లో త్రీ పాయింట్ గీత పెట్టించింది ఆయనే. ఎన్‌బీఏ దాన్ని 1979-80లో తీసుకుంది. అంటే రింగు కింద నిలబడి ఆటని ఏలిన పొడుగాయనే, పొట్టివాళ్లకి దూరం నుంచి దారి తెరిచాడు. కర్రీ నడిచిన దారి అదే.

ఇంకోటి, మైకన్ డ్రిల్. రింగు కింద నిలబడి కుడి చేత్తో ఒకటి వేసి, బంతి నెట్‌లోంచి కింద పడకముందే అందుకుని ఎడమ చేత్తో ఇంకోటి, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. చేతులు దించకూడదు. నేను నేర్చుకున్న మొదటి వారమే ఇది చేయించారు, భుజాలు పట్టేసి రెండు రోజులు చెయ్యి పైకి లేవలేదు. ఆ పేరు ఒక మనిషిదని నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత.

బ్యాక్‌స్ట్రోక్:

రూల్స్ మార్చుకునేలా చేసినవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఈతలో డేవిడ్ బెర్కాఫ్‌ని కూడా వేసుకోండి. 1988 సియోల్‌లో బ్యాక్‌స్ట్రోక్ మొదలవగానే నీళ్ల కిందే వెల్లకిలా, డాల్ఫిన్‌లా కాళ్లు ఆడిస్తూ చాలా దూరం పోయేవాడు, పైకి తేలేసరికి పక్కవాళ్లు వెనకబడి ఉండేవాళ్లు. హీట్స్‌లో ప్రపంచ రికార్డు కొట్టాడు, ఫైనల్లో మాత్రం జపాన్‌కి చెందిన డైచి సుజుకి గెలిచాడు, ఆయనా నీళ్ల కిందే చాలా దూరం ఈదాడు. ఆ పోటీల తర్వాత నీళ్ల కింద ఈదడానికి హద్దు పెట్టారు, ఇప్పుడది 15 మీటర్లు. ఈసారి స్విమ్మింగ్ చూసేటప్పుడు గమనించండి, 15 మీటర్ల దగ్గర లేన్ తాడు మీద గుర్తు ఉంటుంది, అందరూ సరిగ్గా దాని ముందు తల పైకెత్తుతారు. హద్దు పెట్టినా ఆ కాళ్ల ఊపు మాత్రం అన్ని స్ట్రోకులకీ పాకింది, ఒక్క బ్రెస్ట్‌స్ట్రోక్ తప్ప.

జావెలిన్‌లో ఉవే హోన్ కూడా. 1984లో 104.80 మీటర్లు విసిరాడు, 1986 నుంచి అంత దూరం పోకుండా పురుషుల జావెలిన్ బరువు ముందుకి జరిపి డిజైన్ మార్చేశారు. బల్లెం చదునుగా పడి గుచ్చుకుందో లేదో తెలియని గొడవలు కూడా అప్పటికే ఉన్నాయి, కాబట్టి మొత్తం ఆయన వల్లే అనలేం.

రెండో స్లిప్:

క్రికెట్ ఎవరూ ఎత్తలేదేంటి? బ్రాడ్‌మన్, సచిన్ అని రాయబోయి ఆగాను, లేన్ నాలుగు గారి లెక్క ప్రకారం చూస్తే నా ఓటు ఆడమ్ గిల్‌క్రిస్ట్‌కి.

ఇది నా సొంత బాధలోంచి చెప్తున్నాను. నేను వికెట్ కీపర్ని. చిన్నప్పటి నుంచి స్పిన్నర్లకి స్టంప్స్ దగ్గర నిలబడి కీపింగ్ చేయడమంటే పిచ్చి. బంతి పిచ్ అయ్యేదాకా కూర్చునే ఉండి, బంతితో పాటే లేవాలి, ముందే లేస్తే కింద నుంచి జారిపోతుంది, ఆ ఒక్కటి సరిగ్గా రావడానికి నాకు మూడేళ్లు పట్టింది. గోడకేసి గోల్ఫ్ బంతి కొట్టి పట్టుకునేవాణ్ణి. ఒక జట్టు సెలక్షన్స్‌లో రెండు రోజులు ఒక్క బై కూడా ఇవ్వలేదు, లెగ్ సైడ్ స్టంపింగ్ ఒకటి చేశాను. చివరికి తీసుకున్నది నాతో పాటు వచ్చిన ఇంకో అబ్బాయిని, వాడు రెండు క్యాచ్‌లు వదిలాడు కానీ బ్యాటింగ్‌లో 60 కొట్టాడు. సెలెక్టర్ నాతో చెప్పింది ఒక్కటే, ఈ రోజుల్లో కీపర్ అంటే ఆరో బ్యాట్స్‌మన్ బాబూ అని. ఆ రోజు చాలా ఏడ్చాను. ఆయన తప్పు లేదని ఇప్పుడు అర్థమవుతుంది, ఆట అలా మారింది మరి.

మార్చింది ఎక్కువగా గిల్‌క్రిస్టే. 1999లో టెస్టుల్లోకి వచ్చాడు, 96 టెస్టులు, 17 సెంచరీలు, సగటు 47.60. స్ట్రైక్ రేట్ దాదాపు 82, అదీ టెస్టుల్లో, టీ20లు పుట్టకముందు మొదలుపెట్టిన మనిషికి. టెస్టుల్లో వంద సిక్సర్లు కొట్టిన మొదటి బ్యాట్స్‌మన్ కూడా ఆయనే. ఐదు వికెట్లు పడ్డాయి, ఇంక తోకే కదా అని బౌలర్లు ఊపిరి పీల్చుకునే సమయానికి ఈయన ఏడో నంబర్లో వచ్చి గంటలో మ్యాచ్ లాగేసుకునేవాడు. ఆయన్ని చూశాక ప్రతి దేశమూ మాకూ ఒక గిల్‌క్రిస్ట్ కావాలని వెతకడం మొదలుపెట్టింది. ఆయనకంటే ముందు బ్యాటింగ్ చేసే కీపర్లు లేరని కాదు, ఆండీ ఫ్లవర్ ఉన్నాడు, అలెక్ స్టీవర్ట్ ఉన్నాడు. కానీ వాళ్లని అదృష్టం కొద్దీ దొరికిన ప్రత్యేకమైన ఆటగాళ్లుగా చూసేవాళ్లు. గిల్‌క్రిస్ట్ తర్వాత అది ఉద్యోగానికి కనీస అర్హత అయిపోయింది.

మురళీధరన్ సంగతి కూడా మర్చిపోవద్దు. 800 వికెట్ల గురించి కాదు నేను చెప్పేది. 1995 బాక్సింగ్ డే టెస్టులో ఆయన చెయ్యి వంచి విసురుతున్నాడని నో బాల్స్ ఇచ్చారు, అక్కడి నుంచి పదేళ్లు గొడవ నడిచింది. ల్యాబ్‌లో కెమెరాలు పెట్టి కొలిస్తే, కంటికి శుభ్రంగా కనిపించే బౌలర్లలో కూడా చాలామంది మోచేయి కొంత నిటారవుతోందని తేలింది. 2005 నుంచి అందరికీ ఒకటే 15 డిగ్రీల హద్దు వచ్చింది. అంపైర్ కంటితో తేల్చే విషయం కాస్తా కొలిచి తేల్చే విషయమైంది. ఇవాళ ఏ కుర్ర స్పిన్నర్ యాక్షన్ మీద అనుమానం వచ్చినా వాణ్ణి పరీక్షకి పంపుతారు, తప్పు దిద్దుకుని మళ్లీ రానిస్తారు. ఒకప్పుడైతే అంపైర్ నో బాల్ అన్నాక కెరీర్ ముగిసినట్టే.

చదువరి:

మీరంతా మైదానంలో ఏం మారిందో చెప్తున్నారు. నేను మైదానం బయట జరిగింది చెప్తాను, ఎందుకంటే ఆటగాళ్ల బతుకులు మారింది అక్కడే.

కర్ట్ ఫ్లడ్ అని బేస్‌బాల్ ఆటగాడు, సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు. బేస్‌బాల్ మనలో చాలామంది చూడం కాబట్టి చిన్నగా చెప్తాను. అప్పట్లో అక్కడ ఒక షరతు ఉండేది, కాంట్రాక్టు అయిపోయినా ఆటగాడి మీద హక్కు క్లబ్బుదే. క్లబ్బు నిన్ను ఇంకో ఊరి జట్టుకి ఇచ్చేస్తే మూటాముల్లె సర్దుకుని వెళ్లాలి, లేదా ఆట మానేయాలి. 1969 అక్టోబర్‌లో ఫ్లడ్‌ని ఫిలడెల్ఫియాకి ఇచ్చేశారు. పన్నెండేళ్లు ఒకే జట్టుకి ఆడాడు, రెండు వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు, ఏడాదికి 90 వేల డాలర్ల జీతం, ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. నోరు మూసుకుని వెళ్తే ఇంకా ఎక్కువే వచ్చేది. ఆయన వెళ్లలేదు. నేను కొనడానికీ అమ్మడానికీ వస్తువుని కానని కమిషనర్‌కి ఉత్తరం రాసి, కోర్టుకెక్కాడు. విచారణలో ఆయన తరఫున సాక్ష్యం చెప్పడానికి అప్పుడు ఆడుతున్న ఆటగాడు ఒక్కడూ రాలేదు, అందరికీ ఉద్యోగ భయం. వచ్చినవాళ్లలో జాకీ రాబిన్సన్ ఉన్నాడు. 1947లో ఆ లీగ్‌లో నల్లవాళ్లకి తలుపు తెరిచినవాడు, అప్పటికి రిటైరై చాలా ఏళ్లయింది. 1972లో సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఫ్లడ్ ఓడిపోయాడు. ఆయన కెరీర్ అప్పటికే అయిపోయింది. మూడేళ్లకి, 1975 చివర్లో, ఇంకో ఇద్దరు ఆటగాళ్ల కేసులో మధ్యవర్తి ఆ షరతుకి గండి కొట్టాడు. ఆ తర్వాత వచ్చిన కోట్ల డాలర్ల కాంట్రాక్టుల్లో ఫ్లడ్‌కి దక్కింది ఏమీ లేదు. ఇది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఫుట్‌బాల్‌లో ఇదే కథ బోస్మన్‌ది. బెల్జియం ఆటగాడు, మామూలు స్థాయి. 1990లో లియేజ్ క్లబ్బుతో కాంట్రాక్టు అయిపోయింది, ఫ్రాన్స్‌లో డంకర్క్ క్లబ్బుకి వెళ్తానన్నాడు. కాంట్రాక్టు లేకపోయినా బదిలీ ఫీజు కట్టాల్సిందే అని పాత క్లబ్బు అడ్డుపడింది, పైగా జీతం బాగా కోసేసింది. ఐదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు. 1995 డిసెంబర్ 15న యూరోపియన్ కోర్టు తీర్పు ఇచ్చింది. కాంట్రాక్టు అయిపోతే ఆటగాడు ఫీజు లేకుండా వెళ్లిపోవచ్చు, యూరోపియన్ యూనియన్ దేశాలవాళ్ల మీద విదేశీయుల పరిమితి చెల్లదు. ఆ ఏడాదే చాంపియన్స్ లీగ్ గెలిచిన అయాక్స్ జట్టుని చూడండి, 1996లో డేవిడ్స్, రైజిగర్, 1997లో క్లూయివర్ట్, ఒక్కొక్కరూ ఫీజు లేకుండా మిలాన్‌కి వెళ్లిపోయారు. సొంతంగా పిల్లల్ని పెంచి యూరప్ గెలిచిన జట్టు రెండేళ్లలో ఖాళీ. కాబట్టి ఇందులో అంతా మంచే జరిగిందని నేను అనను, చిన్న దేశాల క్లబ్బులు ఆ దెబ్బ నుంచి ఇప్పటికీ కోలుకోలేదు. కానీ ప్రభావం అంటారా, ఏ పెలే, ఏ మారడోనా యూరప్ క్లబ్ ఫుట్‌బాల్‌ని ఇంతగా మార్చలేదు. బోస్మన్ మాత్రం తర్వాత డబ్బుకి చాలా ఇబ్బందులు పడ్డాడు.

ఇక టెన్నిస్‌లో బిల్లీ జీన్ కింగ్. ఈవిడ మైదానంలోనూ గెలిచింది, బయటా గెలిచింది, అందుకే ఒక్క పేరే చెప్పమంటే నేను ఈవిడ పేరే చెప్తాను. 1970లో ఈవిడతో కలిపి తొమ్మిది మంది మహిళా ఆటగాళ్లు ఒక్కో డాలర్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టి సొంత టోర్నీ మొదలుపెట్టారు, టెన్నిస్ సంఘం నిషేధిస్తానని బెదిరించినా ఆగలేదు. 1972 యూఎస్ ఓపెన్ గెలిస్తే ఆవిడకి 10 వేల డాలర్లు, పురుషుల విజేత నస్తాసేకి 25 వేలు. ఇలాగే ఉంటే వచ్చే ఏడాది మేం ఆడం అంది. 1973 నుంచి యూఎస్ ఓపెన్‌లో ఇద్దరికీ సమానం. అదే ఏడాది మహిళా టెన్నిస్ ఆటగాళ్ల సంఘం డబ్ల్యూటీఏ స్థాపించింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో హ్యూస్టన్‌లో ఒకప్పటి పురుషుల చాంపియన్, 55 ఏళ్ల బాబీ రిగ్స్‌ని 6-4, 6-3, 6-3తో ఓడించింది. ఓడితే మహిళల టెన్నిస్ యాభై ఏళ్లు వెనక్కి పోతుందన్న భయంతో ఆడింది ఆ మ్యాచ్. ఆ టెన్షన్ తలుచుకోండి, అవతల ఆయనకి ఓడినా పోయేదేమీ లేదు.

మైలు రాయి:

స్ఫూర్తిని మీరు తక్కువ చేస్తున్నారు. రోజర్ బానిస్టర్ 1954 మే 6న మైలు 3 నిమిషాల 59.4 సెకన్లలో పరిగెత్తాడు, అంతవరకు మనిషి వల్ల కాదన్నారు. 46 రోజుల్లో జాన్ లాండీ ఇంకా వేగంగా పరిగెత్తాడు. అలాగే ఇథియోపియాకి చెందిన అబేబే బికీలా, 1960 రోమ్‌లో చెప్పుల్లేకుండా పరిగెత్తి మారథాన్ గెలిచాడు, నాలుగేళ్లకి టోక్యోలో అపెండిసైటిస్ ఆపరేషన్ అయిన కొన్ని వారాలకే మళ్లీ గెలిచాడు. ఇవాళ దూరపు పరుగుల్లో ఇథియోపియా, కెన్యా లేకుండా పోడియం ఊహించగలరా? ఫోటోలో తేడా అంటే అదీ తేడానే కదా.

స్పైక్ బూట్లు:

బికీలా విషయంలో నూటికి నూరు పాళ్లూ మీతో ఏకీభవిస్తాను అన్నా. బానిస్టర్ విషయంలోనే కొంచెం తేడా. 1945లోనే స్వీడన్‌కి చెందిన హేగ్ 4 నిమిషాల 1.4 సెకన్లకి తెచ్చాడు, అంటే సెకనున్నర మిగిలింది. లాండీ అప్పటికే చాలాసార్లు 4:02 ప్రాంతంలో పరిగెత్తి ఉన్నాడు, కాబట్టి బానిస్టర్‌ని చూశాక ధైర్యం వచ్చి పరిగెత్తాడంటే ఆయనకి అన్యాయం చేసినట్టే. మంచి పేస్ పెట్టేవాళ్లు, మంచి ట్రాక్ దొరికితే ఎవరో ఒకరు ఆ నెలల్లోనే దాటేవారు. బానిస్టర్ అంటే నాకు చాలా గౌరవం, డాక్టరీ చదువుకుంటూ ఖాళీ దొరికినప్పుడు ప్రాక్టీస్ చేసిన మనిషి. కానీ ఆయన తర్వాత మైలు పరుగు మారలేదు, టైమ్ తగ్గింది.

బికీలా అలా కాదు. ఆయన్ని చూసి ఒక దేశంలో పిల్లలు పరుగుని జీవనాధారంగా ఎంచుకున్నారు. అదే జట్టులో తర్వాత 1968లో మామో వోల్డే మారథాన్ గెలిచాడు, వరసగా మూడు ఒలింపిక్స్ ఒకే దేశానివి.

లేన్ నాలుగు:

అందరికీ చాలా థాంక్స్. ఇన్ని తెలియని సంగతులు వస్తాయని అనుకోలేదు. కర్ట్ ఫ్లడ్ పేరు నేను ఈ రోజు దాకా వినలేదు, రాత్రి కూర్చుని మొత్తం చదివాను. రెండో స్లిప్ గారి సెలక్షన్స్ సంగతి చదువుతుంటే మనసు కష్టమైంది, గిల్‌క్రిస్ట్ ఇన్నింగ్స్ చూసి ఎన్నోసార్లు చప్పట్లు కొట్టాను గానీ ఎక్కడో ఒక మంచి కీపర్ కుర్రాడికి దాని వల్ల చోటు పోయి ఉంటుందని ఎప్పుడూ తట్టలేదు.

నా ఫోటో లెక్క సరిపోదని మాత్రం ఒప్పుకుంటున్నాను. ఫ్లడ్‌కి ముందూ తర్వాతా బేస్‌బాల్ ఫోటో తీస్తే ఒకేలా ఉంటుంది. ఆడేది అదే బంతి, అదే బ్యాటుతో, కానీ ఆడే మనిషి పరిస్థితి వేరు. బికీలా ఇచ్చిన లాంటి స్ఫూర్తిని నా లెక్కలో వదిలేయడం కూడా పొరపాటే. ఫాస్బరీని మాత్రం వదలను.

ఇదంతా మా తమ్ముడికి పంపిస్తే వాడు చదివి బోల్ట్ మాట పక్కన పెట్టి ఒక ప్రశ్న అడిగాడు, నాకు జవాబు తెలియలేదు. 1973లోనే యూఎస్ ఓపెన్ సమానంగా ఇచ్చింది కదా, మరి వింబుల్డన్ 2007 దాకా ఎందుకు ఆగింది?

చదువరి:

మంచి ప్రశ్న అడిగాడు మీ తమ్ముడు. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ ఎవరికి వారే యజమానులు, ఒకరు ఇచ్చారని ఇంకొకరు ఇవ్వాలని లేదు. పురుషులు ఐదు సెట్లు ఆడతారు, మహిళలు మూడే ఆడతారు అన్నది ముఖ్యంగా వినిపించిన వాదన. మేమూ ఐదు ఆడతాం అని మహిళలు అన్నా పెట్టలేదు. తేడా ఏటేటా తగ్గుతూ వచ్చింది, చివరికి చాలా కొద్ది మొత్తమే మిగిలింది, అయినా ఆ కొద్ది కూడా వదలలేదు. అందుకే అది డబ్బు గొడవ కాదని, సమానంగా చూడటం గురించిన గొడవని వీనస్ విలియమ్స్ పట్టుకుంది. 2005లో వింబుల్డన్ ఫైనల్‌కి ముందు రోజు, ఇంకెవరైనా అయితే గదిలో కూర్చుని విశ్రాంతి తీసుకునే రోజు, ఆవిడ గ్రాండ్‌స్లామ్ అధికారుల సమావేశానికి వెళ్లి మాట్లాడింది. అందరినీ కళ్లు మూసుకోమని, పక్కన కూర్చున్నది ఆడో మగో గుండె చప్పుడుని బట్టి చెప్పగలరా అని అడిగింది. వాళ్లు అప్పుడు ఒప్పుకోలేదు. మర్నాడు ఆవిడ ఫైనల్ గెలిచింది. 2006లో లండన్ టైమ్స్ పత్రికలో వ్యాసం రాసింది, ఆ మాట పార్లమెంటు దాకా వెళ్లింది.

2007లో ఒప్పుకున్నారు. ఆ ఏడాది పురుషుల విజేత ఫెడరర్‌కి 7 లక్షల పౌండ్లు, మహిళల విజేతకీ 7 లక్షల పౌండ్లు. ఆ మహిళల విజేత వీనస్సే.